కంపెనీ సెట్టు

బండి తెల్లదే. తెల్లదైతే ఏంటట, ఈ గోదావరి జిల్లాల్లో చేపలూ రొయ్యలూ మోసే పాత పికప్పులన్నీ తెల్లవే, ఒకటీ అరా నీలంది కనపడితే అది గ్యాసు సిలిండర్ల వాడిదై ఉంటుంది, కాబట్టి తెల్లగా ఉందని ఇప్పుడే గుండె జారవిడుచుకోనక్కర్లేదు. లాకుల కింద మడుగులో, చక్రాలు పైకెత్తి, వెల్లకిలా పడ్డ తాబేలులా ఉంది. ఏటా ఎండాకాలం కాలవ కట్టేస్తారు, నీళ్లు దిగిపోతాయి, అడుగునున్నవన్నీ బయటపడతాయి, రంగు వెలిసిన వినాయకుళ్లు, ఒంటి చెప్పులు, సైకిలు చక్రాలు, ఎవరి రేవులోనో జారిపోయిన బిందెలు. ఈ ఏడు బండి బయటపడింది. గుర్రపుడెక్క దుప్పటిలా కప్పేసి ఉండబట్టి ఇన్ని నెలలూ ఎవరి కంటా పడలేదట. ముందు నంబరు ప్లేటు గుద్దుకున్న దెబ్బకి ఊడిపోయింది, వెనక తలుపే లేదు, చాసిస్ నంబరు బురదలో ఉంది, తీసి తుప్పు గీకితే గానీ తేలదు. పొద్దున్న నేను నా బండి రేడియోల రిపేరు కొట్టు షట్టరు ఎత్తుతుంటే కానిస్టేబులు ఆశీర్వాదం ఫోను చేశాడు. "మీ బావగారి బండికి గుర్తులేమైనా ఉన్నాయా అండి?" అన్నాడు. బండిలో రేడియో సెట్టు చూస్తే చెప్తానండి అన్నాను. ఆ మాట ఎందుకన్నానో. గుర్తులేం లేవండి, అన్ని బండ్లలాంటిదే అని ఉంటే సరిపోయేది, నిడదవోలులో నా కొట్టులో నేనూ, మొగల్తూరులో తన ఇంట్లో మా చెల్లి దుర్గా, ఇంకో నాలుగు రోజులు ఎప్పట్లాగే తిని తిరుగుతూ ఉండేవాళ్లం. ఎదటివాడు రేడియో సెట్టు గురించి అడక్కపోయినా చెప్పేసే పాడు అలవాటు నాది.

క్రేను వచ్చింది గానీ గొలుసు మర్చిపోయి వచ్చాడు. గొలుసు కోసం మార్టేరు మనిషిని పంపారు. క్రేను తోలుకొచ్చి గొలుసు మర్చిపోవడమేంటి, పెళ్లికి తరలొచ్చి తాళి మర్చిపోయినట్టు, ఛీ ఛీ, ఇప్పుడు తాళి మాటేంటి నా బుర్రలోకి, వేరే సామెతే దొరకలేదా. గట్టు మీద కొబ్బరిచెట్టు నీడ చీరపేలికంత ఉంది, అందులో ఎస్సైగారి కుర్చీ వేశారు, నాకు ఎండే. బురద గుంటల్లో కొర్రమేనుల కోసం దిగిన జనం ఇప్పుడు వలలు వదిలేసి బండి వంకే చూస్తున్నారు. ఒకాయనెవరో, నెత్తి మీద తువ్వాలు వేసుకుని, వచ్చి నా పక్కనే గొంతుక్కూర్చుని, "లోపల మనిషున్నాడంటారా?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసండి అన్నాను. "ఉండే ఉంటాడులెండి" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. నోరు మూసుకోవయ్యా బాబూ అనబోయి ఊరుకున్నాను. క్యాబిన్ నిండా బురద పట్టేసింది, డ్రైవరు వైపు ఎవరూ చెయ్యి పెట్టకూడదట, తాసిల్దారుగారూ డాక్టరుగారూ వచ్చాకే తవ్వాలట, నేను మాత్రం ఎడం వైపు నుంచి చెయ్యి పెట్టి సెట్టు చూసి చెప్పాలి. బాగానే ఉంది. కొరివితో తల గోక్కోమని చేతికే ఇచ్చారు.

దుర్గని రావద్దన్నాను. రానులే అంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో. "మనది కాదులే అన్నయ్యా, ఆయన తునిలో ఉన్నారుగా, నువ్వు ఊరికే ఎండలో పడి ఎందుకు వెళ్లడం" అంది. తునిలో ఉన్నారుగా అని, పక్కూళ్లో మేనత్తగారింట్లో ఉన్నట్టు. తునిలో హైవే పక్కన టిఫిను కొట్టు నడిపే ఆవిడట, ఆవిడ దగ్గర ఉంటున్నాడట కార్తీకం నుంచి కనపడకుండా పోయిన మా బావ, గెడ్డం పెంచాడట, బండి అమ్మేశాడట. ఎవరు చూశారని అడిగితే ఒకడు ఇంకొకడి పేరు చెప్పేవాడు, ఆ ఇంకొకడు, నేను చూళ్లేదు గానీ విన్నానండి అనేవాడు. దుర్గ మాత్రం నాతో, "ఎవత్తెతో ఉన్నా ఫరవాలేదన్నయ్యా, ఊపిరితో ఉంటే చాలు" అంది, అని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటకి నేను బావని తిట్టని తిట్టు లేదు. పండగా పబ్బం లేకుండా ప్రతి ఆదివారం నిడదవోలులో రైలెక్కి తుని వెళ్లి హైవే పొడుగునా టిఫిను కొట్లన్నీ తిరిగాను, ప్రతి కొట్లో ఒక ఇడ్డెన్ల ప్లేటు తీసుకుని ఆ ఆడమనిషి మొహం వంక అనుమానంగా చూడ్డం, ఆవిడ ఏంటండీ అలా చూస్తున్నారు, చట్నీ కావాలా అనడం. పాత ఇనుప సామాన్ల యార్డులకీ వెళ్లేవాణ్ణి. బండి అమ్మేసి ఉంటే ముక్కలు చేసి ఉంటారు, ముక్కలు చేస్తే సెట్టు విడిగా పడి ఉంటుంది, అది కనపడితే పట్టుకోవచ్చని. సెట్టు కనపడలేదు. కనపడనందుకు దిగులు పడ్డాను అప్పుడు, ఆ సెట్టు తుని యార్డులోనే దొరికి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది ఇప్పుడు.

గొలుసు ఇంకా రాలేదు. ఎండ. ఐసు పుల్లలబ్బాయి గంట కొట్టుకుంటూ వచ్చాడు, వాడికీ బేరం దొరికింది ఇక్కడ. ఆ సెట్టు గోల బావకి మొదట్నించీ ఉంది. కొత్తవి పెట్టించుకో బావా, బ్లూటూతు, తెర, రంగు లైట్లు, ఎంత బాగుంటాయి అంటే, "నీ తెరలూ నువ్వూను, నాకు కంపెనీ సెట్టే కావాలి, బండితో వచ్చిందే కావాలి" అనేవాడు. ఎందుకయ్యా అంటే మీడియం వేవు. కొత్త సెట్లలో అది పట్టదు. ఆ పాత సెట్టులో మాత్రం వానలో, మెరుపుల్లో, గరగరమంటూనే వార్తలొచ్చేవి, వాయుగుండం ఎక్కడుందో, వేటకి వెళ్లొచ్చో వద్దో. సముద్రం మీద బతికిన వాళ్ల ఇంట్లో పుట్టాడు, వాళ్ల నాన్న బుల్లియ్య పడవలో తాటాకు కింద రేడియో దాచుకుని వెళ్లేవాడట. వీడు పడవ మానేసి స్టీరింగు పట్టుకున్నా ఆ గరగర మాత్రం మానలేదు. ఫోనులో తుపాను బొమ్మ రంగులతో కనపడుతోంది చూడు బావా అంటే, "బొమ్మ ఎవడైనా గీస్తాడు, చెప్పమను, మనిషి గొంతుతో చెప్పమను" అనేవాడు. బావా అని ఒకళ్లనొకళ్లం పిలుచుకోవడమే తప్ప ఒక్కరోజు మంచిగా మాట్లాడుకున్నది లేదు, ఎప్పుడూ ఎకసెక్కాలే. ఎవడి పిచ్చి వాడికి ఆనందం అని నేనూ అలాంటిదే ఇంకోటి వెతకడం మొదలుపెట్టాను, ఆయన సెట్టు చేపల నీళ్లు దిగి కాలిపోయాక.

వెతకడం అంటే మాటలు కాదు. నా కొట్టుకి వచ్చే వాళ్లందరికీ ఇదే చెప్తాను. పాత పికప్పుల కంపెనీ సెట్లు చూడ్డానికి అన్నీ ఒకటే, ఫేసు ఒకటే, బటన్లు ఒకటే, అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. మొదట వచ్చిన వాటికి ఆకుపచ్చ లైటు, తర్వాత వచ్చిన వాటికి నారింజ లైటు. వెనక్కి తిప్పి చూస్తే వైర్లు దూర్చే కప్లరు కూడా ఒకటే, ఏ ఇబ్బందీ లేకుండా టక్కున కూర్చుంటుంది, కూర్చుంది గదా అని తాళం తిప్పావో పొగ. లోపల వైర్ల వరస వేరు. ఇది తెలీక ఎంతమంది కాల్చుకున్నారో. బావ బండిది నారింజ లైటు సెట్టు. దానికి జోడీ దొరకలేదు, తుని యార్డులో ఆకుపచ్చది దొరికింది. ఆ లోపలి భాగం ఈ ఫేసులో పెట్టి, వరస మార్చి అతికి, చచ్చీ చెడీ మాట్లాడించాను. అంతా అయ్యాక నాబు దగ్గర ఆగింది. నారింజ సెట్టు నాబులకి ఎర్ర గీత, ఆకుపచ్చ సెట్టు నాబులకి తెల్ల గీత. స్టేషన్లు తిప్పే నాబు పాతదే సరిపోయింది, కుడి వైపు ఎర్ర గీత. సౌండు తిప్పే ఊస సన్నం, ఎడం వైపు తెల్ల గీతది పెట్టాల్సొచ్చింది, అదీ అరిగి వదులే, తిప్పితే గిర్రున తిరుగుతుంది గానీ సౌండు పెరగదు, గతుకు వస్తే ఊడి కాళ్ల దగ్గర పడుతుంది. ఎడం తెల్ల గీత, కుడి ఎర్ర గీత. అలాంటి బండి ఇంకోటి ఉండదా అంటే, ఎందుకుండదు, నాలాంటి తిక్కమేళం భీమవరంలో ఒకడుండొచ్చు, తణుకులో ఒకడుండొచ్చు. ఉంటారు. తప్పకుండా ఉంటారు.

కానీ ఆ దారం ఇంకెవరి బండికీ ఉండదు. శ్రావణమాసం అది, మొగల్తూరులో వాళ్ల వాకిట్లో బండి పెట్టుకుని నేను నాబుతో కుస్తీ పడుతున్నాను, కాగితం మడిచి పెట్టాను, అగ్గిపుల్ల పెట్టాను, ఏదీ నిలవడం లేదు. దుర్గ ఆ పొద్దున్నే పుస్తెల తాడు మార్చుకుంది, కొత్త తాడు మెడలో పసుపు కారుతోంది, పాత తాడు ఆకులో చుట్టి గూట్లో పెట్టింది, సాయంత్రం కాలవలో వెయ్యడానికి. పాత తాడు తొక్కే చోట పడకూడదు, పారే నీళ్లలోనే వెయ్యాలి, మా అమ్మ కూడా అలాగే చేసేది. ఏమనుకుందో ఏంటో, లోపలికెళ్లి ఆ తాడులోంచి జానెడు పోగు తెంపుకొచ్చి, "ఇలా ఇయ్యన్నయ్యా" అని ఊసకి గట్టిగా చుట్టి నాబు నొక్కింది. టప్ మని కూర్చుంది. ఇంక ఊడలేదు. లాగినా రాలేదు. బావ పగలబడి నవ్వాడు. "చూశావా బావా, నువ్వు చదివిన చదువంతా మీ చెల్లెలి తాడు పాటి చెయ్యలేదు" అన్నాడు. "ఇంక నా సౌండు కూడా ఈవిడగారి చేతిలోకే పోయింది" అన్నాడు. దుర్గ సిగ్గుపడి, "పోనిద్దురూ" అని లోపలికి పోయింది. దాని అత్తగారు మరిడమ్మ మాత్రం చేపల బుట్ట దించుతూ చూసి కేకలేసింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా! కాలవలో వెయ్యాల్సిన తాడు తెచ్చి బండికి కడతావంటే? తియ్యి ముందు!" తియ్యలేదు. బావ తియ్యనివ్వలేదు. మిగిలిన తాడంతా సాయంత్రం కాలవలో వేసేసింది, ఆ జానెడు పోగు తప్ప.

తర్వాత కార్తీకం, తుపాను. గాలి రాకముందే చెరువులు పట్టేసుకోవాలని రైతులందరూ ఒక్కసారే మీద పడ్డారు, పికప్పు ఉన్నవాడికి ఊపిరాడలేదు. బావ రొయ్యలు తెచ్చి నిడదవోలు స్టేషన్లో రైలుకెత్తి, తడిసి ముద్దయి నా కొట్టు ముందు ఆపాడు. దిగలేదు. టీ తెప్పిస్తాను ఆగు బావా అన్నాను. "ఆగితే గాలి పట్టుకుంటుంది, రేడియోలో చెప్తున్నాడు" అని సౌండు పెంచి నాకు వినిపించాడు, ఆ తెల్ల గీత నాబు తిప్పి. గరగరలో ఎవరో మనిషి గొంతు. ఖాళీ బండి, కాలవ గట్టు రోడ్డు, చీకటి పడబోతోంది. రేపొస్తాను, ఎడం స్పీకరు బర్రుమంటోంది చూద్దువుగాని అన్నాడు. అంతే. ఆ రాత్రి చెట్లు పడ్డాయి, టవర్లు పడ్డాయి, మర్నాడు ఎవరికీ ఎవరి ఫోనూ కలవలేదు, అందుకని మొదటి రెండు రోజులు మేం భయపడను కూడా లేదు. కాలవ నిండా నీళ్లు, నీళ్ల నిండా గుర్రపుడెక్క. నేను ఈ గట్టు మీంచే మొగల్తూరు ఎన్నిసార్లు వెళ్లొచ్చానో, ఈ లాకుల దగ్గరే కొబ్బరిబొండాం తాగేవాణ్ణి, నా మోటారుసైకిలు స్టాండు వేసి, ఈ మడుగు వంకే చూస్తూ. ఛ. నాది కాదు, మాది కాదు, ఇది మా బండి కానే కాదు, ఊరికే ఏదేదో అనేసుకుంటున్నాను.

గొలుసు వచ్చింది. కట్టారు. క్రేను మూలిగింది. బండి ఒక పక్కకి ఒరిగి, బురద చప్పరించినట్టు చప్పుడు చేసి, నాలుగు చక్రాల మీదా కూర్చుంది, కిటికీల్లోంచి నల్లగా కారింది. జనం హో అన్నారు, తిరణాలనుకున్నారు కాబోలు. "రండి" అన్నాడు ఆశీర్వాదం, నా మోచెయ్యి పట్టుకుని, "చూసుకుని దిగండి, జారుద్ది." మోకాళ్ల దాకా బురద. ఎడం తలుపు రేకు విరిగి వేలాడుతోంది. కుడి వైపు చూడకూడదు అనుకున్నాను, చూడలేదు, బురద తప్ప ఏమీ లేదు చూడ్డానికి, అయినా చూడలేదు. డ్యాష్ బోర్డు మీద బురద గడ్డ కట్టింది, గుంటలోంచి దోసిలితో నీళ్లు తెచ్చి పోశాను, బొటనవేలితో తుడిచాను. సెట్టు ఉంది. కంపెనీదే. ఫేసు ఒకటే, అన్నీ ఒకటే, అక్కాచెల్లెళ్లు, ఇందులో ఏముంది, ఇలాంటివి వెయ్యి. ఇంకో దోసిలి. కుడి నాబు, గీత ఉంది, ఎర్రది. ఉంటుంది, నారింజ సెట్లన్నిటికీ ఎర్రదే. ఎడం నాబు మీద నాచు. గోరుతో గీకాను. తెల్లగా ఉంది. రంగు పోయి ఉంటుంది, ఎరుపు నీళ్లలో నాని నాని తెలుపవుతుంది, మరి కుడిది ఎందుకు పోలేదు, దాని మీద బురద ఎక్కువగా ఉండి పోలేదు, నోరు మూసుకో ప్రసాదూ, నువ్వు కొట్టు పెట్టుకున్నవాడివి, రంగు పోయినదానికీ పుట్టు తెలుపుకీ తేడా తెలీదా నీకు. భీమవరంవాడు చేసి ఉంటాడు. తణుకువాడు చేసి ఉంటాడు. నాబు పట్టుకుని లాగాను. రాలేదు. దేవుడా, ఊడి రా. ఇంకాస్త గట్టిగా లాగాను. రాలేదు. స్క్రూడ్రైవరు కింద దూర్చి ఎత్తితే అప్పుడు వచ్చింది, ఊస చుట్టూ నల్లగా, మెత్తగా, వరసలు వరసలుగా, మా చెల్లెలు చుట్టినది చుట్టినట్టే ఉంది దారం.

పసుపు లేదు. పసుపంతా ఎప్పుడో కాలవలో కలిసిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఇడ్డెన్లు గుర్తొచ్చాయి, తునిలో తిన్న అన్ని ఇడ్డెన్లూ. తర్వాత మరిడమ్మ గొంతు వినపడింది, కాలవలో వెయ్యాల్సిన తాడు అని. అనేస్తుంది. కొడుకు పోయిన తల్లి, ఏదో ఒకటి అనకుండా ఎలా ఉంటుంది. ఆవిడ అనకపోయినా దుర్గ అనుకుంటుంది, ఇంక జన్మంతా అదే అనుకుంటూ కూర్చుంటుంది, నేను తాడు బండికి చుట్టాను, కాలవ దానికోసం బండినే లాక్కుంది అని. ఈ సెట్టు పోలీసు స్టేషనుకి వెళ్తుంది, రేపు ఎవడో ఒకడు దుర్గ ముందు పెట్టి ఇదేనామ్మా అని అడుగుతాడు. గబగబా గోటితో విప్పాను. నానిపోయిన దారం, తెగి తెగి వచ్చింది, చుట్ట చుట్టి గుంటలో పడేశాను, పారే నీళ్లు కాదు, అయినా కాలవే. "ఏమంటారండి?" అని గట్టు మీంచి ఎస్సైగారు. "మా బావదేనండి" అన్నాను. "గట్టిగా తెలుసా?" "తెలుసండి." నెత్తి మీద తువ్వాలున్నాయన ఎవరితోనో, నేను చెప్పలా అన్నాడు.

జేబులో ఫోను మోగింది. దుర్గ. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"అన్నయ్యా, బండి తిప్పారా?"

"తిప్పారమ్మా."

"సౌండు నాబు చూశావా?" అంది. గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "వదులుగా ఉందా, బిగుతుగా ఉందా?"

నాబు నా అరచేతిలోనే ఉంది. వదులుగా ఉందమ్మా. ఆ ఒక్క మాట చాలు, ఇప్పుడైతే అబద్ధం కూడా కాదు, దారం లేని ఊసకి ఈ నాబు ఎప్పటికీ వదులే, ఎవరొచ్చి చూసినా వదులే. దుర్గ హమ్మయ్య అనుకుంటుంది, మళ్లీ బియ్యం ఏరుకుంటుంది, బావ తునిలో గెడ్డం పెంచుకుని బతుకుతాడు. ఎంతసేపు. చాసిస్ నంబరు తేలేదాకా. అటువైపు బురద తీసేదాకా. తాసిల్దారుగారి జీపు గట్టెక్కుతూ కనపడుతోంది.

"బిగుతుగానే ఉందమ్మా" అన్నాను.

కోడి ఒకటి అరిచింది వాళ్ల వాకిట్లో. లైను తెగిందేమో అని ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాను, తెగలేదు.

"తునిలో ఎవరూ లేరన్నయ్యా" అంది. "ఆ మాట నేనే పుట్టించాను. కార్తీకం దాటాక అత్తమ్మ నా బొట్టు వంక చూసి కళ్లొత్తుకోవడం మొదలెట్టింది, ఊళ్లో వాళ్లు పేరంటాలకి పిలవడం మానేశారు. మొగుడు వదిలేసి పోయాడంటే నవ్వుతారు, నవ్వితే నవ్వనీ, చచ్చిపోయాడని మాత్రం అనరు కదా అని చెప్పాను. నువ్వు నమ్మేసి ఆదివారం ఆదివారం వెళ్తుంటే ఆపలేకపోయాను. నువ్వు వెతుకుతున్నంతసేపూ నాక్కూడా ఆయన అక్కడే ఉన్నారేమో అనిపించేది. అన్నిసార్లు ఎండలో తిప్పాను నిన్ను, ఏమీ అనుకోకు."

ఫోను జేబులో వేసుకున్నాను. డాక్టరుగారు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నారు. ఆశీర్వాదం వచ్చి, "మీరు పైకి వచ్చెయ్యండి ఇంక" అన్నాడు మెల్లిగా, అటువైపు పారలు పడ్డ చప్పుడు మొదలైంది. వస్తానండి అన్నాను. నాబు మళ్లీ ఊసకి తగిలించాను. చెయ్యి తీస్తే ఊడిపోతోంది. అందుకని దాన్ని పట్టుకునే నిలబడ్డాను.